ప్యానెల్ ఉంది, ట్యాబ్‌లున్నాయి. పిల్లలకి నెట్ వాడటం నేర్పేదెలా? (విశాఖ టీచర్లు, తల్లిదండ్రులు రండి)

గాజువాక_సోషల్ | శుక్రవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. గాజువాక వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. క్లాసుల్లో ఐఎఫ్‌పీ ప్యానెళ్లున్నాయి, అంటే చేత్తో తాకి రాసే పెద్ద స్క్రీన్లు. పనిచేసే ట్యాబ్‌లు కొన్ని బీరువాలో ఉన్నాయి. నెట్ మాత్రం ఉన్నరోజు ఉంటుంది, లేనిరోజు లేదు. ఇన్నాళ్లూ వీటితో మేం చేస్తున్నది పాఠం వీడియో వేయడమే. పిల్లలు చూస్తారు, బెల్లు కొడతారు, అయిపోతుంది.

మా తొమ్మిదో తరగతిలో రీల్ ఎడిట్ చేయడం రానివాళ్లు తక్కువ. మొన్న బొజ్జన్నకొండ మీద నాలుగు వాక్యాలు టైప్ చేసి సేవ్ చేయమన్నాను. ఒక కుర్రాడు శుభ్రంగా టైప్ చేశాడు. తర్వాత పక్కవాడి ట్యాబ్ తీసుకుని తన స్క్రీన్‌ని ఫోటో కొట్టి, "సేవ్ అయిపోయింది మేడం" అన్నాడు. ఫైలంటే ఏమిటో, అదెక్కడ ఉంటుందో వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ వాక్యాలు ఎక్కడివిరా అంటే "గూగుల్‌లో ఉన్నాయి మేడం". గూగుల్‌లో ఎవరు రాశారు అని అడిగితే క్లాసంతా నా మొహం చూసింది.

హెచ్ఎం గారు వారానికి ఒక పీరియడ్ ఇస్తానన్నారు, సిలబస్‌కి అడ్డం రాకూడదని షరతు. అందులో ఏం చేయిస్తే నిజంగా పనికొస్తుంది? చేసి చూసినవాళ్లు చెప్పండి. లింకులు పంపొద్దు, అవి నా దగ్గర బోలెడున్నాయి.

రుషికొండ_కోడర్ | 9:31

మేడం, కోడింగ్‌తో మొదలుపెట్టండి. స్క్రాచ్‌ని ఎంఐటీ వాళ్లు 2007లో పిల్లల కోసమే విడుదల చేశారు. పైసా ఖర్చు లేదు, నెట్ లేకపోయినా నడిచే వెర్షన్ ఉంది. రంగురంగుల దిమ్మెలు ఒకదానికొకటి తగిలిస్తే పిల్లి నడుస్తుంది, ఆట తయారవుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఎగబడి నేర్చుకుంటారు.

మన ఊళ్లో ఏఐ హబ్ పెడతామని, ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అలాంటి చోట గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగమే కాకుండా లోపల కూర్చునే ఉద్యోగం కూడా మన ప్రభుత్వ బడి పిల్లలకి రావాలంటే ఇప్పుడే పునాది పడాలి.

మధురవాడ_మేథ్స్ | 9:52

కోడర్ గారూ, ఫైలు ఎక్కడ సేవ్ అయిందో తెలియని పిల్లాడి చేత గేమ్ తయారు చేయిస్తే అది కూడా ఎక్కడ సేవ్ అయిందో తెలీదు కదండీ. స్క్రాచ్ మంచిదే, రెండో టర్ములో పెట్టుకోవచ్చు.

మేడం, నా అనుభవం చెబుతాను. ప్యానెల్ ముందు టీచరు నిలబడితే అది పెద్ద టీవీ. నేను చేసిన మార్పల్లా పెన్ను పిల్లల చేతికిచ్చి వెనక బెంచీలో కూర్చోవడం. జియోజెబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం గీయించి, ఒక మూలని పట్టుకుని లాగమన్నాను. కోణాలు మారుతున్నా మొత్తం 180 దగ్గరే ఉండటం చూసి వాళ్లే అరిచారు. అంతవరకు మామూలే. ఒకసారి మాత్రం ఒకమ్మాయి ఆ మూడు అంకెల్నీ నోటుబుక్కులో కూడి, "సార్, 180.01 వచ్చింది, కంప్యూటర్ తప్పు చెప్పింది" అంది.

ఆ పూట పాఠం పక్కన పెట్టేశాను. స్క్రీన్ మీద కనిపించేది రెండు దశాంశ స్థానాలకి సవరించిన అంకె, లోపల ఉన్నది ఇంకా పొడుగాటి అంకె. మూడింటినీ విడివిడిగా సవరించి చూపిస్తే మొత్తంలో 0.01 తేడా వస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దశాంశాలు పెంచి చూపించాను. స్క్రీన్ మీద అంకె కనిపించగానే నమ్మెయ్యకుండా చేత్తో కూడి చూసిన ఆ పిల్లకి వచ్చిన బుద్ధే మనం నేర్పాల్సింది, నన్నడిగితే.

ఇంకోమాట. లాగిన్ అడగనివే వాడండి. జియోజెబ్రా, సైన్సు వాళ్లకైతే స్క్రీన్ మీదే ప్రయోగాలు చేయించే ఫెట్ సిమ్యులేషన్లు ఖాతా లేకుండానే పనిచేస్తాయి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మన వాళ్లు ఆ గోలేమీ లేకుండా పిల్లల పేరు, పుట్టినరోజు, తండ్రి ఫోన్ నంబరు ఏ యాప్‌లో పడితే ఆ యాప్‌లో కొట్టించేస్తున్నారు.

పాత_హెచ్ఎం | 10:20

రిటైరై చాలా ఏళ్లయింది, అడగకపోయినా చెబుతున్నాను. 1984-85లో కేంద్రం 'క్లాస్' అనే పథకం కింద బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. నేను అప్పుడు పనిచేసిన బడికీ ఒకటి వచ్చింది. దానికో గుడ్డ కవరు, గదికో తాళం, తాళంచెవి హెడ్మాస్టారి బీరువాలో. ఇనస్పెక్షన్ రోజున చెప్పులు విప్పించి లోపలికి పంపేవారు. ఆ తర్వాత 2004లో ఐసీటీ పథకం, ఆపైన ఇంకేవో. యంత్రం మారుతోంది, తాళం మారట్లేదు.

సరే, తాళం తీశారనుకుందాం. 2015లో ఓఈసీడీ, అంటే సంపన్న దేశాల కూటమి, ఒక నివేదిక వేసింది. బడి కంప్యూటర్ల మీద బాగా ఖర్చుపెట్టిన దేశాల్లో పిల్లల చదువు, లెక్కలు, సైన్సు ఫలితాల్లో చెప్పుకోదగ్గ మెరుగుదల కనబడలేదని అందులో ఉంది. స్వీడన్ లాంటి దేశమే 2023లో మళ్లీ అచ్చు పుస్తకాల వైపు మళ్లింది. మనం ఇప్పుడు ఎగబడుతున్నాం. ఏటి లాభం?

గాజువాక_సోషల్ | 10:41

మాష్టారూ, మీరు చెప్పిన నివేదికతో నాకు పేచీ లేదు. అది కంప్యూటర్ పెడితే లెక్కలు బాగా వస్తాయా అన్న ప్రశ్నకి జవాబు. నేనడిగేది వేరు. బడి ఇచ్చినా ఇవ్వకపోయినా ఫోను ఎలాగూ వాళ్ల చేతికి వచ్చేసింది. పల్లె పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వే ఉంది కదా, 2024ది చూడండి. గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అంతకు ముందు వారంలో చదువు పని కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. పల్లెల్లోనే ఇలా ఉంటే గాజువాకలో చెప్పక్కర్లేదు. వాళ్లు ఆ ఫోన్లో చూసేదాన్ని తూకం వేయడం ఎవరు నేర్పాలి?

ఏయూ_సెకండియర్ | 11:05

అక్కా, నేను ప్రభుత్వ బడిలోనే చదివాను, ఇప్పుడు ఇంజినీరింగ్. నాకు బడిలో ఏం నేర్పి ఉంటే బాగుండేదో చెప్పనా? ఫారం నింపడం.

ఇంటర్ అయ్యాక ఈఏపీసెట్ దరఖాస్తు, తర్వాత కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు అన్నీ ఆన్‌లైనే. ఇంట్లో ఎవరికీ తెలీదు, అందరిలాగే నెట్ సెంటర్‌కి వెళ్లాం. ఆయన దరఖాస్తులో తన మొబైల్ నంబరు కొట్టేశాడు, పని త్వరగా అవుతుందని. ఇక అక్కణ్నుంచి ఓటీపీలు, పాస్‌వర్డూ ఆయన ఫోన్‌కే. ఏ కాలేజీ ముందు పెట్టాలో వరుస మార్చుకుందామంటే ఆయన షాపు తీసేదాకా బయట నిలబడాలి. నా ఫ్రెండ్‌కైతే ఆప్షన్లు ఆయనే పెట్టేశాడు, "ఈ కాలేజీ మంచిదమ్మా" అని. నాలుగేళ్ల చదువు ఎక్కడో నిర్ణయించింది ప్రింటుకి పది రూపాయలు తీసుకునే మనిషి.

ఫోటో 50 కేబీ లోపు ఉండాలంటే ఎలా తగ్గించాలి, జేపీజీ అడిగినచోట పీడీఎఫ్ పెడితే ఎందుకు తీసుకోదు, డిజీలాకర్‌లో టెన్త్ మెమో ఎలా తీసుకోవాలి, సబ్మిట్ కొట్టాక వచ్చిన నంబరు ఎక్కడ రాసుకోవాలి. ఇవి పదో తరగతి అయ్యేలోపు చేత్తో ఒక్కసారి చేయించినా చాలు. మీ కుర్రాడు స్క్రీన్‌ని ఫోటో తీశాడని నవ్వుకున్నాం గానీ, మా క్లాసులో ఇప్పటికీ అసైన్‌మెంట్ అలా పంపేవాళ్లున్నారు.

పెందుర్తి_అమ్మ | శనివారం ఉదయం 6:40

మా పాప తొమ్మిది చదువుతోంది. మీరంతా చదువుకున్నవాళ్లు, ఏదైనా చెబుతారు. నేను మాత్రం ఫోన్ ఇవ్వను. ఫోటోలు తీసుకెళ్లి ఏదేదో చేస్తున్నారని రోజూ వార్తల్లో చూస్తున్నాం, ఆ టెన్షన్ మీకేం తెలుసు? బడిలో కూడా ఇదే నేర్పుతామంటే ఇంట్లో నా మాట ఏం నిలుస్తుంది?

మధురవాడ_మేథ్స్ | 7:15

అమ్మా, మీ భయం నిజమైనదే. కానీ ఒక లెక్క చూడండి. అసర్ 2023లో పల్లెల్లోని 14 నుంచి 18 ఏళ్ల వాళ్లని అడిగారు. ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో సొంత ఫోన్ ఉన్నవాళ్లు 43.7 శాతం, అమ్మాయిల్లో 19.8 శాతం. మీ ఒక్క ఇంట్లోనే కాదు, చాలాచోట్ల ఆడపిల్లలకి ఫోన్ ఆలస్యంగా చేతికొస్తోంది. హాస్టల్లో చేరిన రోజునో, ఉద్యోగానికి వెళ్లిన రోజునో ఒక్కసారిగా ఇస్తాం, అప్పుడు పక్కన మీరుండరు.

క్లాసులో కూడా ఇదే జరుగుతోంది. ఇద్దరికి ఒక ట్యాబ్ ఇస్తే అబ్బాయి నొక్కుతాడు, అమ్మాయి చూస్తుంది. అందుకని నేను పది నిమిషాలకోసారి చప్పట్లు కొట్టి చేతులు మార్పిస్తాను. చేతిలో ట్యాబ్ లేనివాళ్లు నోటితో చెప్పాలి, ఉన్నవాళ్లు చెప్పింది మాత్రమే చేయాలి. మొదట్లో గొడవపడ్డారు, ఇప్పుడు అలవాటైంది.

పెందుర్తి_అమ్మ | 7:32

అది బాగుంది. ఇంకో మాట కూడా రాయండి. మధ్యాహ్న భోజనం, జెండా వందనం, ముగ్గుల పోటీ, అన్నింటికీ పిల్లల ఫోటోలు తీసి గ్రూపుల్లో పెడుతున్నది టీచర్లే. మా పాప ఫోటో ఎవరెవరి ఫోన్లో ఉందో నాకు తెలీదు. ఫోటో పెట్టేముందు అడగాలని పిల్లలకి నేర్పేవాళ్లు ముందు మమ్మల్ని అడగాలి కదా.

గాజువాక_సోషల్ | 7:50

ఇది నూటికి నూరుపాళ్లు ఒప్పుకోవాల్సిన మాట. సోమవారం స్టాఫ్ మీటింగులో పెడతాను.

బ్యాంకు_బాబాయ్ | 8:25

నేను బ్యాంకులో పనిచేస్తాను, టీచర్ని కాను. మీ పీరియడ్‌లో ఒక రోజు నాకివ్వండి, ఉచితంగా వస్తాను.

మా కౌంటర్ దగ్గరికి వచ్చే పెద్దవాళ్ల ఫోన్లో యూపీఐ పెట్టింది ఎవరని అడిగితే, "మా మనవడు" అంటారు. అంటే ఇంటికి డిజిటల్ మేనేజరు తొమ్మిదో తరగతి కుర్రాడే. వాడికి ఒక్క విషయం గట్టిగా ఎక్కితే ఇంట్లో నలుగురు బతుకుతారు: పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, రావడానికి ఏ పిన్నూ అక్కర్లేదు. పాత మంచం అమ్మకానికి పెడతారు. అవతలివాడు "అడ్వాన్సు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటాడు. కొడితే మన ఖాతాలోంచే పోతుంది. యూపీఐలో వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులని, అంటే డబ్బు పంపమని అవతలివాడు మన ఫోన్‌కి పంపే అభ్యర్థనలని, 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు, దాంతో ఒక దారి మూసుకుంది. ఇలాంటి క్యూఆర్ దారి ఇంకా తెరిచే ఉంది.

రెండోది డిజిటల్ అరెస్టు. వీడియో కాల్లో పోలీసు డ్రెస్సు వేసుకుని, గదిలోంచి కదలొద్దని గంటలకొద్దీ కూర్చోబెడతారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ సొమ్ము అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని రెండ్రోజులు ఎవరికీ చెప్పకుండా ఆగేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు.

దీనికి ట్యాబ్ కూడా అక్కర్లేదు. ఒకడు మోసగాడు, ఒకడు తాతయ్య, క్లాసు ముందు ఫోన్ మాట్లాడినట్టు నటించమనండి. మాటల్లో ఎక్కడ తొందరపెట్టాడో, ఎక్కడ భయపెట్టాడో మిగతావాళ్లు చెయ్యెత్తి ఆపాలి. మా అపార్ట్‌మెంట్ పిల్లలతో చేయించాను. మోసగాడి వేషానికే పోటీ ఎక్కువ.

మోడరేటర్ | 9:40

ట్యాబ్‌లు ఏ ప్రభుత్వం ఇచ్చింది, ఏ ప్రభుత్వం ఆపింది అన్న వాదన ఇక్కణ్నుంచి తీసేశాను. దానికి వేరే చర్చ నడుస్తోంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ క్లాసు గది గురించి మాత్రమే.

ఎంవీపీ_కంప్యూటర్స్ | 10:10

ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్ని. మాకు ల్యాబ్ ఉంది, పిల్లాడికో సిస్టం ఉంది, ఫీజులో కంప్యూటర్‌కి వేరే లైనుంది. అందుకని మా దగ్గర అంతా బాగుందనుకోకండి. పరీక్షలో అడిగేది ర్యామ్ ఫుల్ ఫారం, కంప్యూటర్ పితామహుడెవరు, ఇన్‌పుట్ పరికరాలు ఐదు. ఛార్లెస్ బాబేజ్ పేరు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఈమెయిల్ రాయమంటే మొత్తం ఉత్తరం సబ్జెక్టు గడిలో రాస్తారు.

నేను ఈ ఏడాది ఒక పని పెట్టాను. వీధి దీపం వెలగట్లేదనో, కాలువ పొంగిందనో జీవీఎంసీకి (మన నగరపాలక సంస్థకి) తెలుగులో ఈమెయిల్ తయారుచేయాలి. ఫోటో జతచేయాలి, ఆ ఫైలుకి వీధి పేరు, తేదీ పెట్టాలి. అందరూ కలిసి పంపితే అక్కడివాళ్లు తల పట్టుకుంటారు కాబట్టి, ముందు నాకు పంపించుకుని, బాగున్నది ఒక్కటి నిజంగా పంపిస్తాం. ఒక్క పనిలో టైపింగ్, ఫైలు పేరు, అటాచ్‌మెంట్, మర్యాద అన్నీ వచ్చేస్తాయి. తెలుగు టైపింగ్‌కి మొదట్లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే కీబోర్డే ఇచ్చాను, అది పిల్లలకి ఫోన్లో అలవాటే. ఒత్తుల దగ్గర తడబడతారు, కొట్టగా కొట్టగా వస్తుంది.

పాస్‌వర్డ్ గురించి కూడా. ల్యాబ్‌లో సగం పాస్‌వర్డులు సొంత పేరు, పక్కన 123. అక్షరం, అంకె, గుర్తు కలపాలని బోర్డు మీద రాస్తే పేరు, ఎట్ గుర్తు, 123 అయింది. ఇప్పుడు సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వరుసగా కొట్టమంటున్నాను. పొడుగ్గా ఉంటుంది, గుర్తుంటుంది, పక్కవాడికి తట్టదు. "పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా" అని బ్రౌజర్ అడిగినప్పుడు, పదిమంది వాడే సిస్టంలో వద్దని నొక్కడం వేరే పాఠం.

రుషికొండ_కోడర్ | 11:20

సరే, కోడింగ్ మాట వెనక్కి తీసుకోను గానీ వరుస మారుస్తున్నాను. కానీ ఏఐ సంగతి ఎవరూ ఎత్తట్లేదేం? పిల్లలు హోంవర్కంతా దాన్నే అడుగుతున్నారు. వద్దంటే ఆగుతారా?

గాజువాక_సోషల్ | 12:05

ఆగరు. మా వాళ్ల ప్రాజెక్టు పేపర్లన్నీ ఒకే గొంతులో ఉంటున్నాయి. అందుకే వాళ్ల ముందే అడిగి చూపించాను. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని మా పిల్లలందరూ చూశారు, దాని గురించి ప్యానెల్ మీద ఏఐని అడిగాం. గడగడా జవాబిచ్చింది, ఎక్కడా తడబాటు లేదు. ఇందులో సరిచూడగలిగే విషయాల కింద గీత గీయమన్నాను. తేదీలు, అంకెలు, పేర్లు దొరికాయి. "దేశానికి గర్వకారణం" లాంటి వాక్యాల కింద ఎవరూ గీత గీయలేదు, సంతోషించాను.

తర్వాత ఒక్కో జట్టుకి ఒక్కో గీత పంచాను, వేరే రెండు చోట్ల చూసి రమ్మని. నౌకాదళంలో చేరింది 1969 డిసెంబరు 18న, విరమించింది 2001 ఫిబ్రవరి 27న. ఈ రెండూ నిలబడ్డాయి. ఇంకో రెండు మాటలకి ఎక్కడా ఆధారం దొరకలేదు, కొట్టేశాం. వికీపీడియా పేజీలో మూలాలు చూడటం, 'చరిత్ర' నొక్కితే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కనబడటం ఆ రోజే చూశారు. అలా మార్చొచ్చని తెలిసి ఒకడు "అయితే నేను కూడా మార్చొచ్చా మేడం" అని లేచాడు. మార్చొచ్చు, ఆధారం పెట్టాలి అంటే కూర్చున్నాడు.

ఇదంతా చెప్పింది నేను గొప్ప చేశానని కాదు. నెట్ బాగా వచ్చిన రోజు కాబట్టి కుదిరింది. నెట్ రాని రోజు ఏం చేయాలన్నదే నా బాధ.

పాత_హెచ్ఎం | సాయంత్రం 4:30

రాత్రి నుంచి చదువుతున్నాను. నిన్న నేనన్నది బడికి యంత్రాలు కొనిపెట్టడం గురించి. మీరు చెబుతున్న పని వేరని అర్థమైంది, ఇది ఒప్పుకోదగ్గదే. నెట్ లేని రోజుకి నా దగ్గర సరుకుంది.

మన ఊళ్లో తుపాను కబురు కంటే మంచి పాఠం ఇంకేముంది? తుపాను హెచ్చరికల కేంద్రం మన ఊళ్లోనే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన నాటి ఫోటోలు ఇప్పటికీ ప్రతి వాయుగుండానికీ లేచి వస్తాయి. అప్పుడు విమానాశ్రయం పైకప్పు ఎలా దెబ్బతిందో చూశాం కదా, ఆ బొమ్మే మొన్న మొంథా తుపానప్పుడు మా కాలనీ గ్రూపులో "ఇప్పుడే" అని వచ్చింది. మా మనవరాలు దాన్ని గూగుల్ లెన్స్‌లో పెడితే 2014 నాటి వార్తలే వరసగా వచ్చాయి. బొమ్మ నిజమైనదే. తేదీ అబద్ధం. పిల్లలకి ఈ తేడా తెలియాలి, ఎందుకంటే చాలా పుకార్లు ఇలాగే పుడతాయి.

ఇక ప్రమాద హెచ్చరికల నంబర్లు. రేడియోలో "విశాఖ రేవులో మూడో నంబరు" అని మనం చిన్నప్పట్నుంచీ వింటున్నాం, ఎంతమందికి అర్థం తెలుసు? ఇవి ఓడలకీ, రేవులకీ ఇచ్చే గుర్తులు, మొత్తం పదకొండు. ఒకటి, రెండు అంటే దూరాన సముద్రంలో ఏదో ఉంది. మూడు, నాలుగు రేవుకి సంబంధించిన జాగ్రత్త. ఐదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది పెను ప్రమాదం, తుపాను రేవుకి ఎటు పక్కగా దాటుతుందన్నదాన్ని బట్టి నంబరు. పదకొండు అంటే పదికంటే పెద్ద తుపాను అనుకుంటారు. కాదు. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం.

ఇది తెలిసిన పిల్లాడికి "పన్నెండో నంబరు" అని మెసేజ్ వస్తే నెట్ అక్కర్లేకుండానే తేలిపోతుంది. నేననేది, నెట్‌లో ఏది నిజమో తేల్చాలంటే బుర్రలో కాస్త విషయం ముందే ఉండాలి. దానికి మీ సోషల్ పాఠమే కావాలి, యంత్రం తర్వాత.

మధురవాడ_మేథ్స్ | 5:05

మాష్టారూ, మీ మాటకి సగం అవును. విషయం తెలిసినవాళ్లు కూడా బోల్తా పడతారు. స్టాన్‌ఫర్డ్ వాళ్లు చరిత్ర ప్రొఫెసర్లని, విద్యార్థుల్ని, వార్తలు సరిచూసే వృత్తివాళ్లని కూర్చోబెట్టి వెబ్‌సైట్లు చూపించారు. ప్రొఫెసర్లలో కూడా చాలామంది పేజీలోనే ఉండి, అందమైన లోగో, చక్కటి భాష చూసి నమ్మేశారు. వృత్తివాళ్లు చేసిందల్లా ఆ పేజీ చదవడం ఆపి, బ్రౌజర్‌లో పక్కన ఇంకో ట్యాబ్ (పేజీ) తెరిచి, ఈ సంస్థ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో వెతకడం. దానికి విషయ పరిజ్ఞానం కంటే అలవాటు ముఖ్యం. పేజీ దాటి బయటికి వెళ్లే అలవాటు పిల్లలకి చేయిస్తే వస్తుంది, చెబితే రాదు.

పాత_హెచ్ఎం | 5:20

ఆ మిగతా సగం కూడా రాసి ఉంచుకుంటాను.

ఏయూ_సెకండియర్ | 5:48

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు కూడా చెప్పండి అక్కా. మెసేజ్ ఐదు చేతులు దాటి వచ్చిందంటే ఆ జంట బాణాలు పడతాయి. 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. అందుకే మా పిన్నివాళ్లు ఫార్వర్డ్ మానేసి, కాపీ చేసి పేస్ట్ చేయడం మొదలెట్టారు. బాణాలు లేవు కదా అని నిజం అనుకోకూడదని కూడా చెప్పాలి.

గాజువాక_సోషల్ | రాత్రి 8:15

అందరికీ ధన్యవాదాలు. బ్యాంకు బాబాయ్ గారూ, హెచ్ఎం గారిని అడిగి మీకు విడిగా మెసేజ్ పెడతాను. సోమవారం నెట్ లేకుండానే మొదలుపెడుతున్నాను. కాగితం మీద ప్రింటు తీసి జట్టుకొకటి ఇస్తాను. మాష్టారి పన్నెండో నంబరు వాడుకున్నాను. పనికొస్తే మీరూ తీసుకోండి:

"అర్జెంట్!!! విశాఖ రేవులో 12వ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఈ రాత్రి 2 గంటలకి హుద్‌హుద్ కంటే పెద్ద తుపాను. వారం రోజులు కరెంటు ఉండదని అధికారులు చెప్పారు. నాసా కూడా ధ్రువీకరించింది. టీవీ వాళ్లు దాస్తున్నారు. ఇది మీ వాళ్లందరికీ పంపండి, ప్రాణాలు కాపాడండి."

కింద అడిగేవి ఇవే. 'ఈ రాత్రి' అంటే ఏ తేదీ? 'అధికారులు' అంటే ఎవరు, పేరూ హోదా ఉన్నాయా? మనల్ని తొందరపెడుతున్న మాటలేవి? నెట్ ఉంటే మొదట ఎక్కడ చూస్తారు? ఇదే మెసేజ్ మీ అమ్మమ్మ పంపితే ఆమెకి ఏమని జవాబిస్తారు, ఆమె నొచ్చుకోకుండా? చివరి ప్రశ్నకే ఎక్కువ మార్కులు.

పెందుర్తి_అమ్మ | 8:40

చివరిది మా పాపతో నేను కూడా రాయిస్తాను. మా అత్తగారి ఫోన్లోంచి రోజుకి ఇలాంటివి ఎన్నొస్తాయో.

పాత_హెచ్ఎం | 8:52

అమ్మా టీచరుగారూ, ఆ కాగితం మీద 'ఇది క్లాసు అభ్యాసం కోసం రాసినది' అని కొట్టొచ్చినట్టు వేయండి. లేకపోతే ఎవడో ఫోటో తీసి ఇంటి గ్రూపులో పెడతాడు. మంగళవారానికి మీ మెసేజే నాకు ఫార్వర్డయి వస్తుంది.

మధురవాడ_మేథ్స్ | 8:58

కింద వేస్తే కత్తిరించేస్తారు. అక్షరాల మీదుగా ఏటవాలుగా వేయండి.

గాజువాక_సోషల్ | 9:03

వేస్తున్నాను. ప్రింటు ఇంకా తీయలేదు, బతికిపోయాం.